లాభం, రెండు, మూడు

పన్నెండూ తొమ్మిదీ కలిపితే నూట ఇరవై తొమ్మిది అని చెప్పింది సింధూజ రాసిన ప్రోగ్రాం. ఆ ముక్క తన ఒక్కదానికే చెప్పి ఉంటే గుట్టుగా సరిచేసుకునేది. కానీ ఆమె భుజం మీదుగా మేనమామ జైపాల్ తొంగి చూస్తున్నాడు. జైపాల్ కంట్లో పడిందంటే దేవరుప్పుల బస్టాండులో మైకు పెట్టి చాటించినట్టే.

"అక్కా! ఓ శశికళక్కా! ఇంకో లారీకి ఫోన్ కొట్టు! నీ బిడ్డ కంప్యూటర్ల నూట ఇరవై తొమ్మిది బస్తాలున్నయట. ఈడ సూస్తే ఇరవై ఒకటే ఉన్నయి. నూట ఎనిమిది బస్తాలు ఎవడో ఎత్కపోయిండు!"

వడ్ల కుప్పల మధ్య తేమ మిషను పట్టుకుని తిరుగుతున్న శశికళ తల కూడా తిప్పలేదు. ఊరి మహిళా సంఘం నడిపే ధాన్యం కొనుగోలు కేంద్రానికి ఆమే పెద్ద. కేంద్రంలో బస్తాలు లెక్కపెట్టే పని తమ్ముడు జైపాల్‌ది. ఇరవై ఏళ్లుగా లెక్కపెడుతున్నాడు, ఇరవై ఏళ్లుగా అక్కను సతాయిస్తున్నాడు. అక్క తిప్పకపోయినా మిగతా వాళ్లంతా తిప్పారు. హమాలీలు నవ్వారు. వడ్లు ఆరబోసుకుంటున్న రైతులు పనులు ఆపి మరీ నవ్వారు.

"మామా, అది కూడలే. రెండిటినీ పక్కపక్కన పెట్టింది. గంతే," అంది సింధూజ పళ్లు బిగించి.

"నేను గూడ పదోతరగతిల గట్లనే పక్కపక్కన పెట్టిన బిడ్డా. సార్ ఒప్పుకోలే."

తప్పేమిటో సింధూజకు తెలుసు. తెలిసి కూడా చేసిన తప్పు కావడమే ఎక్కువ మండిస్తోంది. కీబోర్డు మీద ఏం కొట్టినా పైథాన్ అనే ఆ ప్రోగ్రాం భాష దాన్ని ముందు అక్షరాలుగానే తీసుకుంటుంది. పన్నెండు కొడితే దానికది పన్నెండు కాదు. ఒకటి బొమ్మా, దాని పక్కన రెండు బొమ్మా. అలాంటి రెండింటిని కలపమంటే గోడ మీద పోస్టర్లు అంటించినట్టు ఒకదాని పక్కన ఒకటి అంటించి చేతులు దులుపుకుంటుంది. 'ఇది అక్షరం కాదు తల్లీ, అంకె' అని మనమే చెప్పాలి. అందుకు 'ఇంట్' అని ఒక చిన్న మాట ఉంది. తొందరలో ఆ మాట పెట్టడం మరిచిపోయింది.

తొందరకు కారణం లేకపోలేదు. జనగామ కాలేజీలో రెండో ఏడాది చదువుతున్న సింధూజ పైథాన్ ప్రాక్టికల్స్‌లో ఒకసారి తప్పింది. పరీక్ష చేయడానికి వచ్చినాయన ఏదో అక్షరం కొట్టాడు, ప్రోగ్రాం ఎర్రటి అక్షరాలు కక్కి బోర్లా పడింది. ఈ శుక్రవారం మళ్లీ పరీక్ష. ఇదీ తప్పితే మూడో ఏడాదిలోకి రానివ్వరు. పైగా ఈసారి లెక్చరర్ కొత్త మెలిక పెట్టాడు. ఎవరింటి పనిలోంచి వాళ్లు ఒక లెక్క తీసుకోవాలి. ప్రోగ్రాం పిల్లలు రాయాలి, పరీక్ష గదిలో కీబోర్డు ముందు కూర్చుని కొట్టేది మాత్రం ఆ పని చేసే ఇంటి మనిషి అయి ఉండాలి.

నాన్నది భూపాలపల్లి గనుల్లో డ్యూటీ, సెలవు దొరకదు. అమ్మ ఈ సీజనులో కేంద్రం వదిలి అడుగు బయటపెట్టదు. తిరిగి తిరిగి మిగిలింది మేనమామే. దేవుడు ఒక్కోసారి మనకు అవసరమైన మనిషిని ఇస్తాడు గానీ, నవ్వుకోవడానికని తన కోసం కూడా ఏదో ఒకటి అందులో కలిపే ఇస్తాడు.

జైపాల్ సంగతి తెలియని వాళ్ల కోసం ఒక్కటి చెబితే చాలు. పోయిన నెల శశికళకు ఫోన్ వచ్చింది. 'పైఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, తనిఖీకి వస్తున్నాం' అని. కేంద్రమంతా ఊడ్చారు, నీళ్లు చల్లారు, కుర్చీ మీద తువ్వాలు పరిచారు, చల్ల తెప్పించారు. అరగంటకు నల్లద్దాలు పెట్టుకుని మోటారు సైకిలు మీద దిగినవాడు జైపాల్. కుర్చీలో కూర్చుని, చల్ల తాగి, "పనితీరు బాగున్నది" అని చెప్పి వెళ్లిపోయాడు. శశికళ వారం రోజులు మాట్లాడలేదు. ఆ వారమంతా తనిఖీ ఆఫీసరు గొంతుతోనే ఆమెను పలకరించాడు.

అలాంటి మనిషి చేతిలో ఇప్పుడు తన ఏడాది ఉంది.

ఇంట్ పెట్టింది. పన్నెండూ తొమ్మిదీ ఇరవై ఒకటి అయ్యాయి. "కూసో మామా. పరీక్షల కూసున్నట్టే కూసో," అంది.

జైపాల్ చేతులు కడుక్కుని వచ్చి, లాప్‌టాప్‌కు దండం పెట్టి కూర్చున్నాడు. తెర మీద ప్రశ్న వచ్చింది: 'ఈ దఫా ఎన్ని బస్తాలు?'

ఒక్క వేలితో, వాట్సాప్‌లో కొట్టినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు: నువ్వే చెప్పు.

ఎర్ర అక్షరాలు బిలబిలా వచ్చిపడ్డాయి.

"మామా!"

"అడుగుడు నేర్చుకున్నది గని, ఇనుడు నేర్వలేదే ఇది."

మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి బుద్ధిగా '12 బస్తాలు' అని కొట్టాడు. మళ్లీ ఎర్ర అక్షరాలు.

"అంకె ఒక్కటే కొట్టాలె మామా. బస్తాలు అని కొట్టొద్దు."

"ఎన్ని బస్తాలు అని గది అడగలేదా? పన్నెండు బస్తాలు అన్న. మీ అమ్మ అడిగినా గట్లనే చెప్త."

"అమ్మ మనిషి. ఇది మిషను."

"మిషనుకు తెల్వకుంటె మిషనును మార్చాలె. మనిషిని మార్చుమంటవేంది?"

మూడోసారి 'పదికి జర ఎక్కువ' అని కొట్టాడు. నాలుగోసారి 'అన్నం తిన్నవా' అని కొట్టి, ప్రోగ్రాం పడిపోగానే, "పాపం, తినలేదట. కండ్లు తిరిగి పడ్డది," అన్నాడు. సింధూజ లేచి వెళ్లి కుండలో నీళ్లు ముఖం మీద కొట్టుకుని వచ్చింది. కోపంలో ఉన్నా, ఆ 'పన్నెండు బస్తాలు' అన్న మాట మాత్రం బుర్రలో చిన్న ముల్లులా గుచ్చుకుంది. కానీ ఆలోచించే తీరిక ఎక్కడిది?

మధ్యాహ్నం మోతీలాల్ ముఠా వచ్చింది. మోతీలాల్ తండా హమాలీలకు మేస్త్రీ. యాభై దాటినా బస్తా ఎత్తితే నడుం వంగదు. అతని వెనక ఏడుగురు. దఫాకు ఏడు బస్తాలు తెచ్చి, నేల మీద పరిచిన కర్రల మీద ఒకదానిపై ఒకటి చెట్టా వేస్తారు, జైపాల్ లెక్క చెబుతాడు. మొదటి బస్తా మాత్రం ఎప్పుడూ మేస్త్రీ ఒక్కడే మోసుకొస్తాడు.

"ఇగ ఆటలు బంద్ మామా. ఇది నిజం లెక్క. వాళ్లు తెచ్చినట్టల్ల నువ్వు కొట్టాలె."

"కొడ్త."

"ఉత్త అంకెనే."

"అయ్యో, కొడ్తనంటిని గదనే."

మోతీలాల్ మొదటి బస్తా ఎత్తుకొచ్చి కర్రల మీద దించాడు. బస్తాకు ఓసారి చేత్తో తాకి కళ్లకద్దుకుని, "లాభం!" అని కేక వేశాడు. జైపాల్ తల ఊపి, ఒక్కో అక్షరం వెతికి వెతికి కొట్టాడు. లాభం.

ఎర్ర అక్షరాలు.

సింధూజకు ఏం జరిగిందో అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత పొద్దుటి నుంచి మింగిందంతా ఒక్కసారే బయటికొచ్చింది.

"నీకన్నీ నవ్వులాటనే గదా మామా! ఒక్కపారి ఫెయిలైన. మల్ల ఫెయిలైతె ఇంట్ల కూసుంట, అప్పుడు మంచిగ నవ్వు! కాలేజీల అందరి ముందట గూడ గిట్లనే చేస్తవు, నాకెరికే. నిన్ను నమ్మిన నన్ను అనాలె. పో! నువ్వు రావద్దు, పో!"

హమాలీలు నెత్తిన బస్తాలతోనే ఆగిపోయారు. జైపాల్ నుంచి జవాబుగా ఓ చతురు వస్తుందని అందరూ చూశారు. రాలేదు. పొద్దుటి నుంచి మొట్టమొదటిసారి అతని ముఖంలో నవ్వు లేదు.

"నవ్వులాట కాదే," అన్నాడు మెల్లగా. "లాభం అంటె ఒకటి."

"అయితె ఒకటే కొట్టు."

"కొట్ట."

"ఎందుకు కొట్టవు?"

"వడ్ల దగ్గర ఒకటి అని మొదలువెట్టం బిడ్డా. మొదటి బస్తకు లాభం అంటం. తర్వాత రెండు, మూడు. మా బాపు గట్లనే అన్నడు. నేను ఇరవై ఏండ్ల సంది గట్లనే అంటున్న."

సింధూజ అతని పెదవి చివర చూసింది. ఎంత దాచుకున్నా జైపాల్ నవ్వు అక్కడ వచ్చి దొరికిపోతుంది. అక్కడ ఏమీ లేదు. మోతీలాల్ వైపు చూసింది.

"నిజమే బిడ్డా," అన్నాడు అతను తలకున్న తువ్వాలు విప్పి చెమట తుడుచుకుంటూ. "మా తండల గూడ గంతే. ఏడుపు మాట గద, ఏడును గూడ ఏడనం. ఆరున్నొకటి అంటం. వడ్లు లచ్చిమి గద."

లాభం అన్న కేక సింధూజ పుట్టినప్పటి నుంచీ వింటోంది. ప్రతి సీజనులో, ప్రతి కుప్ప దగ్గరా. కానీ అదొక కేక అనుకుంది, సంబరం అనుకుంది. అది లెక్కలో ఒక అంకె అని ఎన్నడూ అనుకోలేదు.

"సరే మామా. నోటితోని లాభం అను. చేత్తోని ఒకటి కొట్టు. ఎవ్వలకు నష్టం?"

"చెయ్యి నాది గాదా?"

సింధూజ తల్లి దగ్గరికి పరుగెత్తింది. "అమ్మా, నువ్వన్న చెప్పు!"

శశికళ తేమ మిషను ఆపింది. "వాడు అన్నిట్ల కోతి వేషాలేస్తడు గని దీంట్ల ఎయ్యడు బిడ్డా. నేనైనా ఒకటి కొట్ట. నువ్వే ఏదన్న ఉపాయం జూడు," అని మళ్లీ మిషను పెట్టింది.

ఇదెక్కడి గోల! ఆటలాడేటప్పుడు ఒక్కరూ అతన్ని ఆపలేదు. తీరా అతను ఆట మానేసి నిలబడితే ఊరంతా అతని వెనకే నిలబడింది. అబద్ధమైతే తిట్టి వదిలించుకోవచ్చు. నిజాన్ని ఏం చేసుకోవాలి?

రేకుల షెడ్డు కింద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. తర్వాత కోపంగానే రాయడం మొదలుపెట్టింది. పైథాన్‌కు లాభం తెలియదు. ఒకటి కూడా తెలియదు, ఆ మాటకొస్తే. మనం మార్చి ఇస్తే తప్ప దానికి అన్నీ అక్షరాలే. అంకెను మార్చగా లేనిది, లాభాన్ని మాత్రం మార్చకూడదని ఎవరన్నారు? కొట్టింది లాభమైతే ఒకటి అనుకో. కాకపోతే అంకెగా మార్చి చూడు. అదీ కుదరకపోతే బోర్లా పడకు, మళ్లీ అడుగు. అలా రాసుకుంటూ పోయింది. మళ్లీ అడుగు అన్న చోట ఆగి, పొద్దుటి ముల్లు గుర్తొచ్చి, 'బస్తాలు' అన్న మాట కనిపిస్తే దాన్ని తీసేసి మిగతాది చూడమని కూడా రాసింది.

"మామా, లాభం అని కొట్టు."

కొట్టాడు. ఎర్ర అక్షరాలు రాలేదు గానీ, మళ్లీ అడిగింది. చూస్తే ఒక అక్షరం తక్కువ. మళ్లీ కొట్టించింది. ఈసారి ఒకటి ఎక్కువ. అయిదుసార్లు కొట్టిస్తే నాలుగు రకాలుగా కొట్టాడు.

"ఒక్క తీరుగ కొట్టరాదా మామా?"

"నేను కొట్టేది ఒక్క తీరే. మీటలే తీరు తీరుగున్నయి."

నాలుగు రకాలూ రాసిపెట్టింది. ఆరున్నొకటి అని అంత పొడుగు కొట్టలేనని అతను '6+1' అని కొడితే, దాన్నీ ఒప్పుకునేట్టు చేసింది. చివరికి మోతీలాల్ ముఠాతో ఆ రోజు బస్తాలన్నీ కొట్టించింది. చివరి లెక్కా, కర్రల మీది చెట్టా ఒక్కటయ్యాయి. సింధూజ ఊపిరి పీల్చుకునేలోగా జైపాల్ తన పాత ముఖం తొడుక్కుని, ఖాళీ తెర మీద 'పిల్లి', 'బల్లి', 'శశికళ' అని వరసగా పదకొండుసార్లు కొట్టాడు. ప్రోగ్రాం పదకొండుసార్లూ విసుక్కోకుండా మళ్లీ అడిగింది.

"నీకంటె దీనికే ఓపికున్నది బిడ్డా," అన్నాడు.

శుక్రవారం జనగామకు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో బయల్దేరాడు. నల్లద్దాలు సింధూజ లాక్కుని సంచిలో వేసుకుంది. దారి పొడుగునా ఒక్కటే మాట: "ఒక్క జోకు గూడ వద్దు మామా. నీకు దండం పెడుత."

పరీక్ష చేయడానికి వరంగల్ నుంచి వచ్చినాయన సన్నగా, అలిసిపోయి ఉన్నాడు. అప్పటికే ఇరవై మంది అయ్యారు. అంతకుముందు అమ్మాయి తెచ్చిన తాతయ్య కీబోర్డు ముందు కూర్చుని కళ్లజోడు ఇంట్లో మరిచానని చెప్పాడట. ఆ అలసట ఇంకా ఆయన ముఖం మీద ఉంది.

జైపాల్ కూర్చున్నాడు. లాభం కొట్టాడు. తెర మీద 1 వచ్చింది. 6+1 కొట్టాడు. 8 అయింది. '4 బస్తాలు' అని కొట్టాడు. 12.

ఆయన ముందుకు వంగాడు. "లాభం ఏందమ్మా?"

సింధూజ నోరు తెరిచేలోగా జైపాల్ అందుకుని, వడ్ల దగ్గర లెక్క ఎలా మొదలుపెడతారో చెప్పాడు. జోకు వేయలేదు. ఆయన విన్నాడు. "మా అమ్మమ్మ గూడ అంటుండె," అని మెల్లగా అన్నాడు. తర్వాత కీబోర్డు తన వైపు తిప్పుకున్నాడు.

ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కాడు. మళ్లీ అడిగింది. పది అని అక్షరాల్లో కొట్టాడు. మళ్లీ అడిగింది. మూడున్నర కొట్టాడు. అడిగింది. ఒక్కోటి దాటిన కొద్దీ సింధూజకు ధైర్యం వస్తోంది. చివరగా ఆయన -5 అని కొట్టాడు.

ప్రోగ్రాం బుద్ధిగా ఒప్పుకుంది. పన్నెండు బస్తాలు ఏడయ్యాయి.

ఎర్ర అక్షరాలేమీ రాలేదు. అదే భయం. అక్షరాన్ని అంకెగా మార్చడం ఒక్కటే చూసుకుంది, ఆ అంకెకు అర్థముందో లేదో చూసుకోలేదు.

"గవి వాపసు పంపిన బస్తాలు సార్," అన్నాడు జైపాల్. గొంతులో తొట్రుపాటు లేదు, రెప్ప కొట్టలేదు. "తేమ ఎక్కువొస్తె తీసుకోం గద సార్. ఐదు బస్తాలు రైతుకు వాపసిచ్చినం. అందుకనే మైనస్ పెట్టింది మా కోడలు. చానా ఆలోచన చేసింది."

ఎంత బాగా చెప్పాడంటే సింధూజకే ఒక క్షణం తాను అలా ఆలోచించానేమో అనిపించింది. ఆయన "ఊఁ" అన్నాడు. పెన్ను మార్కుల కాగితం మీదికి వెళ్లింది. ఊరుకుంటే చాలు. నోరు మూసుకుని నిలబడితే చాలు.

కానీ రేపు కేంద్రంలో ఎవరి వేలో ఆ గీత మీట మీద పడితే? ఎవరో రైతు బస్తాలు అయిదు లెక్కలోంచి మాయమైతే, అప్పుడు మామ వచ్చి చెబుతాడా వాపసు అని?

"కాదు సార్," అంది. "వాపసు కాదు. నేను చూసుకోలే. తప్పే."

బల్ల కింద జైపాల్ ఆమె కాలు తొక్కాడు. గట్టిగానే తొక్కాడు.

పెన్ను ఆగింది. ఆయన ఆమెను చూశాడు, తర్వాత జైపాల్‌ను చూశాడు, తర్వాత గడియారం చూశాడు. "ఇంకా పది నిమిషాలున్నయి. సరిచేస్తవా?"

సరిచేయాల్సింది మూడు లైన్లు. మొదటిసారి లైను చివర పైథాన్‌కు కావాల్సిన రెండు చుక్కలు పెట్టడం మరిచింది. ఎర్ర అక్షరాలు బిలబిలా వచ్చాయి. జైపాల్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. చుక్కలు పెట్టి మళ్లీ నడిపింది. ఆయన మళ్లీ -5 కొట్టాడు.

'బస్తాలు సున్నా కంటే తక్కువ ఉండవు. మళ్లీ చెప్పండి.'

ఆయన మరో రెండుసార్లు అదే కొట్టాడు. అదే జవాబు వచ్చింది. కాగితం మీద ఏదో రాశాడు. తలకిందులుగా కనిపించినా సింధూజ చదివేసింది. నలభైకి ముప్పై ఒకటి.

"పోయినసారి ఎంతొచ్చింది?"

"తొమ్మిది, సార్."

"వాపసు బస్తాలకు వేరే ప్రశ్న పెట్టు. అది నిజంగ అవసరమే," అన్నాడాయన. "పోవచ్చు."

సింధూజ లాప్‌టాప్ మూసి, సంచిలో పెట్టి, రెండు చేతులా దండం పెట్టింది. తలుపు దగ్గరికి వచ్చాక జైపాల్ ఇక ఆపుకోలేకపోయాడు.

"గంత మంచిగ అబద్ధం చెప్తి గదనే! ఊకుంటె ముప్పై ఎనిమిది ఏస్తుండె. జిందగీల ఒక్కపారి నేను మొకం సీరియస్‌గ పెట్టి మాట్లాడితె, ఖరాబ్ చేస్తివి!"

"మెల్లగ మామా, ఇంటడు!"

"ఇననియ్యి. నాకు పరేషాన్ అయితున్నది. గిట్లైతె ఎట్ల బతుకుతవే నువ్వు?"

సింధూజకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు వదలాలో తెలియక అతని చెయ్యి పట్టుకుని బయటికి లాగింది. జైపాల్ గడప మీద కాలు ఆనించి ఆగిపోయి, మెడ వెనక్కి తిప్పాడు.

"సార్, ఒక్క ముచ్చట. రాసింది పోరి గని, కొట్టింది మొత్తం నేను. నాకేమన్న ఓ నాలుగు మార్కులు..."

ఆయన కళ్లజోడు తీసి, రెండు వేళ్లతో కళ్లు గట్టిగా నొక్కుకున్నాడు.

"నెక్స్ట్!" అన్నాడు.